అణుబాంబు బెదిరింపులు: మాట ఎంత, ముప్పు ఎంత?

2025 మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ మొదలైంది మొదలు 10వ తేదీ సాయంత్రం కాల్పులు ఆగేదాకా మన సీమ జిల్లాల్లో టీకొట్టు దగ్గరా, బస్సుల్లోనూ ఒకటే చర్చ. అనంతపురం పాతూరులో కూరగాయలు అమ్ముకునే ఒక పెద్దాయన అన్న మాట నాకు టీవీ చర్చలన్నిటికన్నా సూటిగా తగిలింది. "ఏం సార్, వాళ్ల తాన అణుబాంబు ఉండాది, మన తానా ఉండాది. ఉండి ఏం లాభం? మన పిల్లోని పానం పోనే పోయె గదా!" ఆయన తలచుకున్నది గోరంట్ల మండలం నుంచి సైన్యంలో చేరి, ఆ నాలుగు రోజుల్లోనే జమ్మూకశ్మీర్ సరిహద్దులో పాకిస్తాన్ కాల్పులకు బలైన యువ జవానును.

ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. ఈలోగా బెదిరింపు మాటలూ పెరిగాయి. 2025 ఆగస్టులో పాకిస్తాన్ సైన్యాధిపతి ఆసిమ్ మునీర్ అమెరికా పర్యటనలో అణ్వస్త్రాల గురించి అన్నట్టుగా వచ్చిన వార్తలపై మన విదేశాంగ శాఖ ఘాటుగా స్పందించింది. అణుకత్తి ఝళిపించడం పాకిస్తాన్‌కు పరిపాటేనంది. అదే నెల మొదట్లో రష్యా నాయకుడు మెద్వెదేవ్ మాటలకు బదులుగా రెండు అణు జలాంతర్గాములను తరలించమన్నానని ట్రంప్ ప్రకటించారు. అక్టోబరు 30న అణుపరీక్షలు మొదలుపెట్టమన్నానని కూడా ఆయనే చెప్పారు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఫోన్లలో రెండు రకాల సందేశాలు తిరుగుతాయి. రేపే ప్రళయం అన్నది ఒకటి, అంతా ఉత్తుత్తి బెదిరింపే అన్నది రెండోది. రెండూ తొందరపాటు మాటలే. ఎందుకో తెలియాలంటే బాంబు దగ్గర కాదు, బాంబు వాడకుండానే దానితో పని జరిపించుకునే పద్ధతి దగ్గర మొదలుపెట్టాలి.

కొట్టడానికి కాదు, కొట్టనివ్వకుండా ఉండటానికి

ఈ పద్ధతినే అణు నిరోధం అంటారు. ఇంగ్లిష్ పత్రికలు డిటరెన్స్ అనేది దీన్నే. సారం ఇంతే: నువ్వు నా మీదకు వస్తే నీకు కలిగే నష్టం నీకు దక్కే లాభం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువని ముందే నీకు తెలిసేలా చేస్తాను, కాబట్టి నువ్వు రావు. ఇందులో బాంబు పేలితే విధానం విఫలమైందని అర్థం. పేలకుండా గిడ్డంగిలోనే పాతబడిపోతే పనిచేసిందని అర్థం.

ఇది నిలవాలంటే ఆయుధం ఉండాలి, దాన్ని వాడే తెగువ ఉందని ఎదుటివాడు నమ్మాలి, ఏ గీత దాటితే వాడతామో వాడికి అర్థం కావాలి. సాధారణంగా వ్యాసాలు ఈ మూడింటితో ఆగిపోతాయి. నాలుగోది కూడా అంతే ముఖ్యం. "నువ్వు ఆగితే నేనూ ఆగుతాను" అన్న భరోసా ఉండాలి. ఆగినా దెబ్బ తప్పదని ఎదుటివాడికి అనిపిస్తే వాడెందుకు ఆగుతాడు? ముందు తనే కొడదామనుకుంటాడు. రెచ్చగొట్టే ఉపన్యాసాలతో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. తెగువను చూపించబోయి అవి భరోసాను చెరిపేస్తాయి.

ఇంకో తేడా కూడా గమనించాలి. "ఈ పని చేయొద్దు" అని బెదిరించడం వేరు, "ఈ పని చెయ్యి" అని బెదిరించడం వేరు. మొదటిది నిరోధం, రెండోది బలవంతంగా లొంగదీసుకోవడం. ఒకే మనిషి, ఒకే బాంబు, ఒకే ఉపన్యాసమైనా మొదటిది ఫలించి రెండోది బెడిసికొట్టవచ్చు. ఉక్రెయిన్ యుద్ధంలో జరిగింది అదే.

పుతిన్ హెచ్చరికలు: ఏది పనిచేసింది, ఏది చేయలేదు

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదకు వెళ్లింది. 27న పుతిన్ తమ నిరోధక బలగాలను ప్రత్యేక యుద్ధసన్నద్ధ స్థితిలో ఉంచమన్నారు. ప్రపంచం ఉలిక్కిపడింది. కానీ రష్యా అణుబలగాల కదలికల్లో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదని అమెరికా అధికారులు తర్వాత చెప్పారు. మాట పెద్దది, కదలిక చిన్నది.

ఆ మాటకు ఫలితం లేదా? ఉంది. నాటో దేశాలు ఉక్రెయిన్ తరఫున యుద్ధరంగంలోకి తమ సైన్యాలను దింపలేదు. ఆ దేశపు ఆకాశాన్ని తాము కాపాడతామనీ అనలేదు. "మధ్యలోకి రావొద్దు" అన్న హెచ్చరిక, ఆ మేరకు, పనిచేసింది.

ఇప్పుడు రెండో భాగం. 2022 సెప్టెంబరు 21న పుతిన్ రష్యా భూభాగ సమగ్రతకు ముప్పు వస్తే అందుబాటులో ఉన్న అన్ని ఆయుధాలూ వాడతామని, ఇది ఉత్తుత్తి మాట కాదని అన్నారు. తొమ్మిది రోజుల తర్వాత, సెప్టెంబరు 30న, ఖేర్సన్ సహా నాలుగు ఉక్రెయిన్ ప్రాంతాలను రష్యాలో కలిపేసుకున్నట్టు ప్రకటించారు. మాస్కో లెక్క ప్రకారం ఖేర్సన్ ఇక రష్యా నేల. నవంబరు 11న ఉక్రెయిన్ సైనికులు ఖేర్సన్ నగరంలోకి తిరిగి అడుగుపెట్టారు. అణ్వస్త్రం బయటికి రాలేదు. "ఈ ఆక్రమణను ఒప్పుకోండి" అని చేయించే బెదిరింపు అక్కడ చెల్లలేదు.

పాశ్చాత్య ఆయుధాల సంగతి ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. మొదట ట్యాంకులు ఇచ్చేది లేదన్నవాళ్లు 2023లో ఇచ్చారు. తర్వాత దూరం కొట్టే క్షిపణులు ఇచ్చారు. 2024లో ఎఫ్-16 విమానాలు చేరాయి. బెదిరింపులు ఉత్తవేనని తేలింది కదా అని ఒక వర్గం వాదన. ఒక్కో ఆయుధం నెలల తరబడి ఆలస్యమైంది కదా, ఆ ఆలస్యమే రష్యాకు లాభం అని ఇంకో వర్గం వాదన. నాకు రెండో వాదనలో బలం ఎక్కువ కనబడుతుంది. అయితే దానిలోంచే మరో సంగతి పుడుతుంది. ఒక్కో గీత దాటినా ఏమీ జరగకపోయే కొద్దీ బెదిరించేవాడి మాట విలువ తగ్గుతుంది. అప్పుడు వాడు ఇంకా గట్టిగా అరవాల్సి వస్తుంది. 2024 నవంబరు 19న రష్యా అణు విధానాన్ని సవరించింది. అణ్వాయుధ దేశం అండతో అణ్వాయుధం లేని దేశం దాడి చేస్తే దాన్ని ఉమ్మడి దాడిగా చూస్తామని అందులో రాసుకుంది. రెండు రోజులకే ఒరెష్నిక్ అనే కొత్త క్షిపణిని అణు వార్‌హెడ్ (క్షిపణి మొనలో పెట్టే బాంబు) లేకుండా ద్నీప్రో నగరం మీద వేసి చూపించింది.

మిత్రులు, తటస్థ దేశాలు అన్న మాటలకూ ఇందులో పాత్ర ఉంది. 2022 నవంబరులో బాలిలో జీ20 దేశాలు అణ్వస్త్రాల వాడకం గానీ, వాడతామని బెదిరించడం గానీ ఆమోదయోగ్యం కాదని ప్రకటించాయి. 2023 సెప్టెంబరులో ఢిల్లీ ప్రకటనలోనూ ఆ వాక్యం వచ్చింది.

ఒక చిన్న బాంబు అంటే ఎంత

"చిన్న అణుబాంబు" అని వార్తల్లో అలవోకగా అనేస్తుంటారు. హిరోషిమా మీద 1945 ఆగస్టు 6న పడింది దాదాపు 15 కిలోటన్నులది, అంటే 15 వేల టన్నుల టీఎన్‌టీ పేలుడుకు సమానం. ఈనాటి లెక్కల్లో అది చిన్నదే. అది పేలిన చోటు నుంచి చుట్టూ సుమారు 1.6 కిలోమీటర్ల దాకా దాదాపు ఏదీ నిలవలేదు. ఆ తర్వాత మంటలు పదకొండు చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఊరిని కాల్చేశాయి. ఆ ఏడాది చివరికి చనిపోయినవారు సుమారు 1,40,000 మంది అని అంచనా.

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నిలబడి ఆ 1.6 కిలోమీటర్లను ఊహించండి. సప్తగిరి సర్కిల్, సుభాష్ రోడ్డు, పాతూరు బజార్లు అన్నీ అందులోకి వస్తాయి. పెద్దాసుపత్రి కూడా ఆ చుట్టులోనే ఉంటుంది. కాలినవాళ్లను మోసుకుపోవాల్సిన చోటే లేకుండా పోతుంది. హిరోషిమాలో డాక్టర్లు, నర్సుల్లో ఎక్కువమంది చనిపోవడమో గాయపడటమో జరిగింది కాబట్టే బతికే అవకాశం ఉన్నవాళ్లు కూడా బతకలేదు. ఆ బాధితుల సంఘం నిహోన్ హిడాంక్యోకు 2024 నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. తమ ఒంటి మీద మచ్చలే సాక్ష్యంగా దశాబ్దాల పాటు దేశదేశాలకూ చెప్పుకుంటూ వచ్చారు వాళ్లు.

బాంబు శక్తి పది రెట్లయితే విధ్వంసం పది రెట్ల దూరం పోతుందనుకోవడం పొరపాటు. పేలుడు ధాటి వ్యాసార్థం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు పెరగాలి. అందుకే దేశాలు ఒకే పెద్ద బాంబు బదులు ఎక్కువ సంఖ్యలో మధ్యరకం వార్‌హెడ్లు పెట్టుకున్నాయి. 1980ల మధ్యలో ప్రపంచంలో వీటి సంఖ్య 70 వేల దరిదాపుల్లో ఉండేది. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రీ అంచనా ప్రకారం 2025 జనవరి నాటికి 12,241 ఉన్నాయి. వీటిలో దాదాపు తొంభై శాతం అమెరికా, రష్యాలవే. చైనావి కనీసం 600, మనవి సుమారు 180, పాకిస్తాన్‌వి సుమారు 170.

నూట ఎనభై సరిపోతాయా? ప్రశ్న సంఖ్యది కాదు. శత్రువు ముందుగా కొట్టేశాక మన దగ్గర మిగిలేవెన్ని అన్నదే లెక్క. ఆ మిగిలినవాటితో తిరిగి కొట్టగలగడాన్ని ప్రతిదాడి సామర్థ్యం అంటారు. నేల మీది క్షిపణులను, వైమానిక స్థావరాలను వెతికి కొట్టవచ్చు, సముద్రం అడుగున తిరిగే జలాంతర్గామిని వెతకడం చాలా కష్టం. మన అణు జలాంతర్గామి ఐఎన్‌ఎస్ అరిహంత్ తయారైంది విశాఖపట్నంలో. 2018 నవంబరులో అది తొలి నిరోధక గస్తీ పూర్తి చేసిందని ప్రధాని ప్రకటించారు. రెండోది ఐఎన్‌ఎస్ అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలోనే నౌకాదళంలో చేరింది.

మన మాట: ముందుగా వాడం

1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో పరీక్షలు జరిపాక, అదే నెల 28, 30 తేదీల్లో పాకిస్తాన్ కూడా జరిపింది. మన విధానాన్ని 2003 జనవరి 4న కేంద్ర మంత్రివర్గ భద్రతా వ్యవహారాల కమిటీ బయటపెట్టింది. నమ్మదగిన కనీస నిరోధం చాలు, అణ్వస్త్రాన్ని మనం ముందుగా వాడం. మన నేల మీద గానీ, ఎక్కడైనా మన సేనల మీద గానీ అణుదాడి జరిగితే మాత్రం తిరిగి కొట్టే దెబ్బ భారీగా, శత్రువు తట్టుకోలేనంతగా ఉంటుంది. జీవ, రసాయన ఆయుధాలతో పెద్ద దాడి జరిగితే అణ్వస్త్రంతో బదులిచ్చే వీలును అట్టిపెట్టుకుంది. మీట నొక్కమనే అధికారం ప్రధాని అధ్యక్షతన ఉండే రాజకీయ మండలిదే. సైన్యాధికారులది కాదు.

పాకిస్తాన్ అలాంటి మాట ఇవ్వలేదు. మామూలు యుద్ధబలంలో భారత్ పెద్దది కాబట్టి ముందుగా వాడే హక్కు వదులుకోలేమన్నది వారి వాదన. 2011లో దాదాపు 60 కిలోమీటర్లు పోయే నస్ర్ అనే పొట్టి క్షిపణిని పరీక్షించారు. దాని గురి నగరాలు కాదు, సరిహద్దు దాటి వచ్చే మన ట్యాంకు దళాలు.

ఇక్కడే మన విధానానికి గట్టి పరీక్ష. ఒక పెద్ద ఉగ్రదాడి తర్వాత మన ట్యాంకులు పాకిస్తాన్‌లోకి ఇరవై కిలోమీటర్లు పోయాయనుకుందాం. వాళ్లు తమ నేల మీదే, మన దళం మీద ఒక చిన్న అణ్వస్త్రం వేశారు. మన మాట ప్రకారం బదులు భారీగా ఉండాలి, అంటే వాళ్ల నగరాలు పోతాయి. అది తెలిసిన వాళ్లు మిగిలిన క్షిపణులను మన నగరాల మీద వదులుతారు. కొన్ని వందలమంది సైనికుల కోసం ఢిల్లీలోని ప్రధాని అంత నిర్ణయం తీసుకుంటారా? తీసుకోరని పాకిస్తాన్ సైన్యం అనుకుంటే మన హెచ్చరికకు పస పోతుంది. తీసుకుంటారనుకుంటే రెండు దేశాల్లోనూ లక్షల ప్రాణాలు పోతాయి.

ఈ చిక్కు చూపించే కొందరు విశ్లేషకులు "ముందుగా వాడం" అన్న మాటనే మార్చుకోమంటారు. ఈ మాట ఎందుకు కట్టుకుని కూర్చోవాలని 2016లో రక్షణ మంత్రిగా ఉన్న మనోహర్ పారికర్ అన్నారు, అది తన సొంత అభిప్రాయమనీ చెప్పారు. 2019 ఆగస్టు 16న పోఖ్రాన్‌లో రాజ్‌నాథ్ సింగ్ ఇప్పటిదాకా మన విధానం ఇదే, ముందుముందు ఏమవుతుందో పరిస్థితులను బట్టి ఉంటుందన్నారు. అధికారిక విధానం మాత్రం మారలేదు.

ఆ మాటను నిలబెట్టుకోవాలనేవారి వాదన వేరు. మనం ముందుగా వాడమని ఎదుటివాడికి నమ్మకం ఉంటే, సంక్షోభంలో "వాళ్లు కొట్టేలోగా మనమే కొడదాం" అన్న భయం వాడికి తగ్గుతుంది. మన ఆయుధాలను కూడా నిమిషాల్లో పేల్చేలా సిద్ధంగా ఉంచనక్కర్లేదు. తొందరపాటుకు చోటు తగ్గుతుంది. ఇంతకు ముందు చెప్పిన నాలుగో దినుసు, ఆ భరోసా, ఇదే. ఈ విషయంలో నేను రెండో పక్షమే. కానీ నస్ర్ వేసిన ప్రశ్నకు ఈ పక్షం దగ్గర పూర్తి జవాబు లేదన్నది ఒప్పుకోవాలి.

పెద్ద యుద్ధం ఆగింది, చిన్న యుద్ధం ఎందుకు ఆగలేదు

పాతూరు పెద్దాయన ప్రశ్నకు వద్దాం. సీమ పల్లెల్లో పెద్దలకు ఈ లెక్క తెలియనిది కాదు. ఫ్యాక్షన్ రోజుల్లో రెండు వర్గాల దగ్గరా నాటుబాంబులుండేవి. అవతలి ఇంట్లో ఎన్ని ఉన్నాయో తెలియదు గానీ ఉన్నాయని మాత్రం తెలుసు. దాంతో వీధికి వీధి ఎదురుపడటానికి జంకేవాళ్లు. అలాగని చావులు ఆగాయా? పొలం గట్టున, సంతకు పోయే దారిలో, కోర్టు వాయిదా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఒంటరిగా దొరికినవాడి మీద దాడులు జరుగుతూనే ఉండేవి. పెద్ద రగడ జరగదన్న ధీమాయే చిన్న దాడులకు ధైర్యమిచ్చేది. తేడా ఏమిటంటే పల్లెకు పైన పోలీసులు, కోర్టులు ఉన్నాయి. దేశాలకు పైన అలాంటి ఠాణా లేదు.

ఈ సంగతిని 1965లో అమెరికా పండితుడు గ్లెన్ స్నైడర్ సిద్ధాంతంగా చెప్పాడు. పై మెట్టున నిలకడ ఎంత గట్టిపడితే కింది మెట్లలో అలజడికి అంత వీలు దొరుకుతుందన్నది దాని సారం. దక్షిణాసియా చరిత్ర చూస్తే ఇది కళ్లకు కడుతుంది. ఇద్దరూ పరీక్షలు జరిపిన ఏడాదికే, 1999లో, కార్గిల్ వచ్చింది. పాకిస్తాన్ సేనలు మన శిఖరాలెక్కాయి. మనం వాళ్లను దింపాం గానీ నియంత్రణ రేఖ దాటొద్దని వాయుసేనకు కట్టడి పెట్టుకున్నాం. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో నెలల తరబడి సైన్యాన్ని సరిహద్దుకు తరలించి, దాటకుండానే వెనక్కి తెచ్చాం.

ఆ తర్వాత మెట్టు మెట్టుగా ఎక్కుతూ వచ్చాం. 2016లో ఉరీ తర్వాత నియంత్రణ రేఖ దాటి మెరుపు దాడులు. 2019లో పుల్వామా తర్వాత ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలోని బాలాకోట్ మీద వాయుదాడి. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపాక, మే 7న పాకిస్తాన్ పంజాబ్ నడిబొడ్డున ఉన్న బహావల్‌పూర్, మురీద్కేల దాకా క్షిపణులు వెళ్లాయి. 10న రావల్పిండి పక్కన నూర్‌ఖాన్ సహా పలు వైమానిక స్థావరాలను కొట్టాం. 12న ప్రధాని మోదీ అణు బ్లాక్‌మెయిల్‌ను భారత్ సహించదని జాతికి చెప్పారు. అది కూడా నిరోధపు భాషే: ఉగ్రవాదాన్ని పంపి అణుబాంబు చాటున దాక్కుంటే చెల్లదన్న హెచ్చరిక.

దీనిలోంచి రెండు దేశాలూ నేర్చుకున్న పాఠాలు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. అణుగీతకు కింద దెబ్బకొట్టేందుకు మనకు చాలా చోటు ఉందని మన వ్యూహకర్తలు అంటున్నారు. నాలుగో రోజుకే ఆగిందంటే తమ అణుబలం భయమే కారణమని పాకిస్తాన్ అంటోంది. ఇద్దరి లెక్కా సరైనదే కావడం కుదరదు. తర్వాతి సంక్షోభంలో ఇద్దరూ తమ లెక్క మీద ధీమాతోనే దిగుతారు. గోరంట్ల జవాను మరణం వెనుక ఉన్నదీ ఈ కింది మెట్ల యుద్ధమే. అణుబాంబు అనంతపురాన్ని కాపాడుతుందేమో గానీ సరిహద్దులో నిలబడిన అనంతపురం పిల్లోణ్ని కాపాడేందుకు పుట్టింది కాదు.

ఆ మాట ఎవరి చెవిన పడాలని

అణు బెదిరింపు ఎప్పుడూ ఒక్క శత్రువును ఉద్దేశించిందే కాదు. సొంత ప్రజల ముందు ధైర్యం చూపడం ఒక పని. మూడో దేశాన్ని కంగారుపెట్టి మధ్యవర్తిత్వానికి రప్పించడం ఇంకో పని. పాకిస్తాన్ విషయంలో ఈ చివరిది పాత అలవాటు. కార్గిల్ యుద్ధం మధ్యలో అప్పటి పాకిస్తాన్ ప్రధాని నవాజ్ షరీఫ్ 1999 జూలై 4న వాషింగ్టన్ వెళ్లి అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌ను కలిశారు, సేనల ఉపసంహరణకు అక్కడే ఒప్పుకున్నారు. 2025 మే 10న పాకిస్తాన్ జాతీయ కమాండ్ అథారిటీ సమావేశం అవుతోందని వార్త బయటికొచ్చింది. అణ్వస్త్రాల మీద నిర్ణయం తీసుకునే సంస్థ అది. కాసేపటికి వాళ్ల రక్షణ మంత్రే అలాంటి సమావేశమేదీ లేదన్నారు. వార్త మాత్రం చేరాల్సిన చోటికి చేరింది. కాల్పుల విరమణ తమ చొరవేనని ట్రంప్ ప్రకటించారు. ఆ మధ్యాహ్నం 3:35కు పాకిస్తాన్ డీజీఎంవో (సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్) మన డీజీఎంవోకు చేసిన ఫోన్‌తోనే అది కుదిరిందని, మూడో పక్షం లేదని భారత్ చెబుతోంది.

కాబట్టి మాటతో పాటు ఏం కదిలిందన్నది చూసేవాళ్లు చూస్తారు. గిడ్డంగుల్లోంచి వార్‌హెడ్లు బయటికొచ్చాయా, క్షిపణి వాహనాలు అడవుల్లోకి చెదిరాయా, జలాంతర్గాములు రేవు విడిచాయా. ట్రంప్ తరలించమన్న జలాంతర్గాములు అణ్వస్త్రాలు మోసేవో, అణుశక్తితో నడిచేవో కూడా ఆయన చెప్పలేదు. అమెరికా అణు జలాంతర్గాములు ఎలాగూ నిత్యం గస్తీలో ఉంటాయి కాబట్టి దాంతో మారింది తక్కువ. అణుపరీక్షల ప్రకటన తర్వాత మూడు రోజులకే అమెరికా ఇంధన మంత్రి అవి పేలుళ్లు కావని, ఆయుధ వ్యవస్థల పరీక్షలని వివరణ ఇచ్చారు. అమెరికా చివరి అణు పేలుడు పరీక్ష జరిగింది 1992లో.

కడప యురేనియం నుంచి బాంబు వస్తుందా

ఇది మన ప్రాంతంలో తరచూ వినబడే అనుమానం కాబట్టి క్లుప్తంగా. కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వే ఖనిజంలో యురేనియం పాలు చాలా తక్కువ. ఆ యురేనియంలోనూ అణుచర్యకు పనికొచ్చే 235 రకం 0.7 శాతమే. బాంబుకు అది 90 శాతం దాకా ఉండాలి. మన బాంబులకు ప్రధానంగా వాడేది ట్రాంబే రియాక్టర్లలో తయారైన ప్లుటోనియం. తుమ్మలపల్లె సరుకు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు చేరి విద్యుత్ రియాక్టర్ల ఇంధనమవుతుంది. గని చుట్టుపక్కల రైతులు బోరునీళ్ల గురించి చెప్పుకునే గోడు, 2024 చివర్లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల వాసులు యురేనియం అన్వేషణను అడ్డుకున్న ఆందోళన చాలా ముఖ్యమైనవి. కానీ అవి బాంబు సమస్యలు కావు. వాటిని అణుయుద్ధ చర్చలో కలిపేస్తే ఆ రైతుల ప్రశ్నకు జవాబు దొరకదు. ఓర్వకల్లు దగ్గరి డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రం గురించీ ఇలాంటి పుకార్లే. 2025 ఏప్రిల్‌లో అక్కడ చూపించింది డ్రోన్లను కూల్చే లేజర్ ఆయుధం.

కోరి కాకుండా పొరపాటున

నిరోధం పనిచేస్తుందా అన్న వాదన ఏనాటికీ తేలదు. 1945 తర్వాత ఎవరూ వాడలేదు, అణుదేశాల మధ్య మహాయుద్ధం రాలేదు, ఇంకేం కావాలని ఒక పక్షం. కెన్నెత్ వాల్ట్జ్ అనే పండితుడైతే బాంబులు మరికొన్ని దేశాలకు వ్యాపించినా నష్టం లేకపోగా మేలే కావచ్చన్నాడు. స్కాట్ సేగన్ ఆయనకు ఎదురు నిలిచాడు. బాంబులను చూసుకునేవి మనుషులు, సంస్థలు, వాటికి పొరపాట్లు సహజమన్నాడు. జరగని యుద్ధానికి కారణం బాంబేనని రుజువు చేయలేం. పొరపాట్లకు మాత్రం రుజువులున్నాయి.

1962 అక్టోబరు 27న క్యూబా దగ్గర సోవియట్ జలాంతర్గామి మీద అమెరికా నౌకలు హెచ్చరికగా చిన్న పేలుడు గుళ్లు వేశాయి. లోపల అణు టార్పెడో ఉందని పైనున్న అమెరికా నావికులకు తెలియదు. దాన్ని వదలకుండా ఆపినవారిలో ముఖ్యుడు వాసిలీ అర్ఖిపోవ్. 1983 సెప్టెంబరు 26న అమెరికా క్షిపణులు వస్తున్నాయని సోవియట్ కంప్యూటర్ చూపితే, అది తప్పుడు హెచ్చరికేనని నమ్మి ఆగినవాడు స్తానిస్లావ్ పెత్రోవ్. ఆ రెండు చోట్లా ప్రపంచాన్ని కాపాడింది సిద్ధాంతం కాదు, ఒక మనిషి నిదానం.

మన దగ్గరా ఒకటి జరిగింది. 2022 మార్చి 9 సాయంత్రం మన నేల నుంచి ఒక బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున లేచి పాకిస్తాన్‌లో మియాన్ చన్నూ దగ్గర పడింది. పేలుడు పదార్థం లేదు, ఎవరూ చనిపోలేదు. కొద్ది నిమిషాల ప్రయాణమంతే. ఆ నిమిషాల్లో అది ఉత్తదో కాదో అవతలివాళ్లకు తెలిసే దారి లేదు. 11న మన ప్రభుత్వం విచారం తెలిపింది. ఆగస్టులో ముగ్గురు వాయుసేన అధికారులను తొలగించింది. సరిహద్దులు ప్రశాంతంగా ఉన్న రోజు కాబట్టి సరిపోయింది. అదే క్షిపణి 2025 మే 9 రాత్రి పొరపాటున లేచి ఉంటే?

అమెరికా నుంచి రష్యాకు ఖండాంతర క్షిపణి చేరడానికి అరగంట పడుతుంది. మనకూ పాకిస్తాన్‌కూ మధ్య ఆ వ్యవధి కొన్ని నిమిషాలే. అందుకే ఇక్కడ ఒప్పందాల విలువ ఎక్కువ. 1988లో కుదిరిన ఒప్పందం మేరకు 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ అణుకేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ తర్వాతా, బాలాకోట్ తర్వాతా అది ఆగలేదు. 2005 ఒప్పందం ప్రకారం బాలిస్టిక్ క్షిపణి పరీక్షకు ముందు ఒకరికొకరు కబురు పెట్టుకుంటారు. అమెరికా, రష్యాల మధ్య ఇలాంటి కట్టుబాట్లు తరుగుతున్నాయి. చెరో 1,550 మోహరించిన వార్‌హెడ్లకు మించకూడదన్న న్యూ స్టార్ట్ ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయింది.

మన 2005 ఒప్పందంలోనూ ఒక పెద్ద ఖాళీ ఉంది. అది ఆకాశానికెగసి కిందికి దిగే బాలిస్టిక్ క్షిపణులకే వర్తిస్తుంది. బ్రహ్మోస్ వంటి క్రూయిజ్ క్షిపణులు అందులో లేవు, డ్రోన్లు లేవు. 2025 మేలో ఇరువైపులా ఎక్కువగా ఎగిరింది ఆ ఒప్పందంలో లేని ఆయుధాలే.